మౌనానికీ గొడ్డలికీ నడుమ: ఓంపురి గురించి కొన్ని మాటలు

ఓంపురి కన్నుమూసి ఏళ్ళు గడిచాయి. 2017 జనవరి 6న ఆ వార్త తెలిసినప్పుడు మిత్రులు చాలామంది ఆయన కంఠస్వరాన్ని తలుచుకున్నారు. గంభీరమైన ఆ గొంతు, ప్రతి అక్షరానికీ తగిన బరువునిచ్చే ఆ ఉచ్చారణ మరువదగినవి కావు. నాకు మాత్రం ఆ రోజు మొదట జ్ఞాపకం వచ్చినది ఆయన మౌనం. ‘ఆక్రోశ్’ సినిమాలో దాదాపు మాటే లేకుండా ఆయన నిలబడిన తీరు. ఆ మౌనాన్ని నేను చాలాకాలం తప్పుగా అర్థం చేసుకున్నానని ఇప్పుడు అనుకుంటున్నాను. ఈ వ్యాసం ఆ తప్పును గురించే. ఆయన నటనను బేరీజు వేయడానికి నేను సినిమా విమర్శకుణ్ణి కాను. భద్రాచలం అడవి అంచున కొన్నేళ్ళు ఉద్యోగం చేసిన ఒక ప్రేక్షకుణ్ణి మాత్రమే.

ఓంపురితో నా తొలి పరిచయం 1988లో, దూరదర్శన్‌లో ‘తమస్’ ప్రసారమైనప్పుడు జరిగింది. ఖమ్మంలో మేముండే వీధిలో టీవీ ఉన్న ఇల్లు ఒక్కటే. ఆ ఇంటి వరండాలో చాపలు పరిచి పదిహేను ఇరవై మందిమి కూర్చునేవాళ్ళం. మాకెవరికీ హిందీ సరిగా రాదు. భీష్మ్ సాహ్ని నవల గురించి గానీ, దర్శకుడు గోవింద్ నిహలానీ గురించి గానీ తెలియదు. ఒక పందిని చంపి తెమ్మని ఎవరో చెబితే, ఎందుకో తెలియకుండానే ఆ పని చేసిన నత్తూ అనే తోలు పనివాడు, తరువాత ఊరంతా తగులబడుతుంటే అది తన వల్లనే అయిందేమోనని లోలోపల కుమిలిపోతాడు. భాష రాని మాకు ఆ కథ పూర్తిగా అర్థమైంది. అర్థమయ్యేలా చేసింది మాటలు కావు, మశూచి మచ్చలున్న ఆ ముఖం.

ఆ ముఖం ఎక్కడినుంచి వచ్చిందో తరువాత తెలుసుకున్నాను. ఓంపురి 1950లో పంజాబ్ ప్రాంతంలోని అంబాలాలో పుట్టారు. అంబాలా ఇప్పుడు హర్యానాలో ఉంది. తండ్రి రైల్వేలో పనిచేసేవారు. ఇంట్లో గడవని రోజులు వచ్చినప్పుడు చిన్నతనంలోనే టీ దుకాణంలో గ్లాసులు కడిగారు, రైలు పట్టాల పక్కన రాలిన బొగ్గు ఏరారు. ఇల్లెందు, కొత్తగూడెం ప్రాంతాలవారికి ఈ చివరి మాట విడమరచి చెప్పనక్కరలేదు. బొగ్గు ఏరుకునే పిల్లలను మనం చూస్తూనే పెరిగాము. అక్కడినుంచి ఆయన ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాకు, ఆ తరువాత పూనా ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్ళారు. పంజాబీ మాధ్యమంలో చదివినవాడు కావడంతో డ్రామా స్కూలులో ఇంగ్లీషు రాక చాలా బాధపడ్డారు. సహపాఠులు నాటకాల గురించి ఇంగ్లీషులో వాదించుకుంటుంటే ఒక మూల మౌనంగా ఉండిపోయేవారు. భాష లేక నోరు మూసుకోవడమంటే ఏమిటో ఆయన తెరమీదకు రాకముందే అనుభవించారన్నమాట.

1980లో ‘ఆక్రోశ్’ వచ్చింది. విజయ్ తెండూల్కర్ రచన, నిహలానీకి దర్శకుడిగా తొలి చిత్రం. ఓంపురి పోషించిన పాత్ర లహాన్యా భీకూ అనే ఆదివాసీ. భార్యను చంపాడని అతనిమీద అభియోగం. అతని తరఫున వాదించడానికి ప్రభుత్వం నియమించిన యువ న్యాయవాదిగా నసీరుద్దీన్ షా నటించారు. ఆ న్యాయవాది ఎన్నిసార్లు అడిగినా, బతిమాలినా, కోప్పడినా లహాన్యా నోరు విప్పడు. అసలు జరిగింది వేరు. అతని భార్యను చెరిచి చంపినవాళ్ళు ఆ ఊరి పెద్దమనుషులే. ఆ సంగతి ప్రేక్షకుడికి తెలుస్తుంది, న్యాయవాదికి తెలుస్తుంది, న్యాయస్థానానికి మాత్రం తెలియదు. ఈ చిత్రానికి ఉత్తమ హిందీ చిత్రంగా జాతీయ పురస్కారం లభించింది. ఓంపురికి ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ సహాయ నటుడి బహుమతి వచ్చింది. సినిమా అంతా ఆయన చుట్టూనే తిరిగినా ‘సహాయ’ నటుడు అన్నారు. ఎక్కువ మాట్లాడిన పాత్రే కథానాయకుడనే అలవాటు మనది.

నేను ఈ సినిమాను చాలా ఆలస్యంగా, వీసీడీలో చూశాను. చూసి కన్నీళ్ళు పెట్టుకున్నాను. ఆదివాసీ అంటే ఇదే, నోరులేని అమాయకుడు, అతని తరఫున ఎవరో ఒకరు మాట్లాడాలి అని తీర్మానించుకున్నాను. ఆ తీర్మానం ఎంత దయతో కూడినదో అంత తప్పు.

ఆ తప్పు తెలిసివచ్చిన సందర్భం చెబుతాను. భద్రాచలానికి అవతల ఒక మండల కేంద్రంలో, ఏ కార్యాలయమన్నది ఇక్కడ అప్రస్తుతం, నా పనిమీద వరుసలో నిలబడి ఉన్నాను. నా ముందు ఒక కోయ వృద్ధుడు, ఆయన పక్కన పన్నెండేళ్ళ మనవరాలు. బల్లకవతలి గుమాస్తా, “తాతా, నీ పోడు ఎంత? ఎప్పటినుంచి చేస్తున్నవ్?” అని అడిగాడు. వృద్ధుడు పలకలేదు. “పలకవేందయ్యా, నోట్లో నాలిక లేదా?” అని గుమాస్తా విసుక్కున్నాడు. వృద్ధుడు మనవరాలివైపు తిరిగి కోయ భాషలో మాట్లాడడం మొదలుపెట్టాడు. అయిదు నిమిషాలపాటు ఆగకుండా మాట్లాడాడు. చేత్తో కొండ దిక్కు చూపించాడు, వేళ్ళమీద ఏవో లెక్కలు పెట్టాడు, మధ్యలో ఒకసారి నవ్వాడు, ఒకసారి గొంతు పూడుకుపోయింది. అంతా విని ఆ పిల్ల గుమాస్తావైపు తిరిగి, “మా తాత వాళ్ళ నాయన కాడినుంచి చేస్తున్నరంట సారూ” అన్నది. అంతే. గుమాస్తా ఆ ఒక్క ముక్క రాసుకున్నాడు.

అయిదు నిమిషాల మాటలో మిగిలినదంతా ఎక్కడికి పోయింది? ఏ సంవత్సరం ఎవరు వచ్చి హద్దు వేశారో, ఏ చెట్టు గుర్తో, ఎవరి సమాధి ఎక్కడుందో బహుశా అందులోనే ఉండి ఉంటుంది. హక్కు నిరూపించడానికి సాక్ష్యం కావాలంటారే, ఆ సాక్ష్యమే అది. పిల్లకు దానిని తెలుగులో చెప్పే శక్తి లేదు. గుమాస్తాకు వినే తీరిక లేదు. నాకు ఆ భాష రాదు. వృద్ధుడు మాత్రం మౌని కాడు. ఆ గదిలో అందరికంటె ఎక్కువ మాట్లాడినవాడు ఆయనే.

ఆ రాత్రి ‘ఆక్రోశ్’ మళ్ళీ చూశాను. ఈసారి సినిమా వేరుగా కనిపించింది. లహాన్యాకు మాటలు రాక కాదు, చెప్పి లాభం లేదని తెలిసి చెప్పడు. గతాన్ని చూపే దృశ్యాలలో అతడు మాట్లాడతాడు, భార్యాబిడ్డలతో మామూలు మనిషిలాగే ఉంటాడు. న్యాయవాది ముందు కూర్చున్నప్పుడు అతని కళ్ళలో ఉన్నది అమాయకత్వం కాదు, ఒక నిర్ణయం. ముసలి తండ్రి, చెల్లెలు, పసిబిడ్డ ఇంకా ఆ ఊళ్ళోనే ఉన్నారు. తాను నోరు విప్పితే వాళ్ళకేమవుతుందో అతనికి తెలుసు. ఓంపురి నటన గొప్పదనం అక్కడ ఉంది. లహాన్యా చుట్టూ ఉన్నవాళ్ళు అతణ్ణి మూగవాడనుకుంటారు. ఓంపురి ఎక్కడా మూగవాడిగా నటించలేదు. నోటి దాకా వచ్చిన మాటను మింగుతున్న మనిషిగా నటించారు. ఆ తేడాను గమనించలేకపోయిన లోపం నాది.

ఈ దృష్టితో చూస్తే ఆయన తొలి దశ పాత్రలన్నీ ఒక వరుసగా కనిపిస్తాయి. ప్రేమ్‌చంద్ కథ ఆధారంగా సత్యజిత్ రాయ్ దూరదర్శన్ కోసం తీసిన ‘సద్గతి’ (1981)లో ఆయన దుఖీ అనే దళితుడు. కూతురి నిశ్చితార్థానికి ముహూర్తం అడగడానికి బ్రాహ్మణుడి ఇంటికి వెళ్ళి, ఆయన పురమాయించిన మొద్దును గొడ్డలితో కొట్టీ కొట్టీ ఆకలితో అక్కడే ప్రాణం విడుస్తాడు. శ్యామ్ బెనెగల్ ‘ఆరోహణ్’ (1982)లో బెంగాల్ కౌలు రైతు. ఈ పాత్రకు ఉత్తమ నటుడిగా జాతీయ పురస్కారం వచ్చింది. మరుసటి ఏడాది ‘అర్ధ్ సత్య’లో సబ్ ఇన్‌స్పెక్టర్ అనంత్ వేలంకర్ పాత్రకు మళ్ళీ అదే పురస్కారం. ఇక్కడ ఆయన ఆ బల్లకు ఇవతల కాదు, అవతల, అధికారం వైపు కూర్చున్నారు. అక్కడ కూడా ఊపిరాడని మనిషే కనిపించాడు.

తెలుగు నేలతో ఆయనకున్న అనుబంధం మనలో చాలామందికి గుర్తు లేదు. బెనెగల్ హైదరాబాదు వాడు కావడం ఇందుకు కొంత కారణం. 1987లో వచ్చిన ‘సుస్మన్’లో ఓంపురి పోచంపల్లి నేత కార్మికుడు రాములు. మాట్లాడేది హిందీయే అయినా, మగ్గం మీద ఆయన చేతులు కదిలే తీరు చూసిన పద్మశాలి మిత్రుడొకడు, “ఈయన నిజంగా నేర్చుకున్నాడు” అన్నాడు. సి. ఉమామహేశ్వరరావు ‘అంకురం’లో ఆయన నేరుగా తెలుగు ప్రేక్షకుల ముందుకు వచ్చారు. రైలులో ఒక అపరిచితుడి దగ్గరున్న పసిబిడ్డ తన చేతిలో పడితే, ఆ బిడ్డ ఎవరిదో వెతుక్కుంటూ వెళ్ళిన గృహిణికి రాజ్యహింస ముఖం కనిపించడం ఆ కథ. ఆ గృహిణి రేవతి, అపరిచితుడు ఓంపురి. 1992 సంవత్సరానికి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం పొందిన ఈ సినిమా, ఎదురుకాల్పుల వార్తలు దినపత్రికలలో నిత్యకృత్యమైన కాలంలో మా జిల్లావాళ్ళకు సినిమాలాగా అనిపించలేదు.

ఆ తరువాతి ప్రయాణం ఇంకా పెద్దది. నెహ్రూ గ్రంథం ఆధారంగా బెనెగల్ 53 భాగాలుగా తీసిన ‘భారత్ ఏక్ ఖోజ్’లో దేశ చరిత్రను మనకు వినిపించిన వ్యాఖ్యాతలలో ఆయన గొంతు ముఖ్యమైనది. అశోకుడిగా, అల్లావుద్దీన్ ఖిల్జీగా, ఔరంగజేబుగా కనిపించినదీ ఆయనే. 1990లో పద్మశ్రీ. 1992లో ‘సిటీ ఆఫ్ జాయ్’లో రిక్షా కార్మికుడు. 1999లో ‘ఈస్ట్ ఈజ్ ఈస్ట్’లో ఇంగ్లండులో స్థిరపడిన పాకిస్తానీ తండ్రి. ఆ పాత్రకు బ్రిటన్‌లోని బాఫ్టా ఉత్తమ నటుడి పురస్కారానికి ఆయన పేరు పరిశీలనకు వచ్చింది. ఇంగ్లీషు రాదని డ్రామా స్కూలు మూలలో కూర్చున్న కుర్రవాడు ఇంగ్లీషు సినిమాను తన భుజాల మీద నడిపాడు. మౌనంతో మొదలై మాటకు చేరిన జీవితం అది.

నా వాదమంతా ఇక్కడ ఉంది. ఓంపురికి దక్కిన ఈ ప్రయాణం ఆయన పోషించిన లహాన్యాకు దక్కలేదు. నటుడు మౌనం నుంచి మాటకు వెళ్ళాడు. లహాన్యా మౌనం నుంచి నేరుగా గొడ్డలికి వెళ్ళాడు. ‘ఆక్రోశ్’ ముగింపు తెలిసినదే. తండ్రి చితి దగ్గరికి లహాన్యాను బేడీలతో తీసుకువస్తారు. చెల్లెలిమీద ఊరి పెద్దల చూపు పడడం గమనించి, భార్యకు పట్టిన గతి ఆమెకు పట్టకూడదని గొడ్డలి అందుకుని చెల్లెలినే నరికి, ఆకాశం బద్దలయ్యేలా అరుస్తాడు. చప్పట్లు కొట్టదగిన ముగింపు అని ఒకప్పుడు నేనూ అనుకున్నాను. కాని ఆ గొడ్డలి ఎవరిమీద పడిందో చూడండి. దోషులమీద పడలేదు, తన చెల్లెలిమీద పడింది.

2022 నవంబరులో మా ప్రాంతంలోనే, చండ్రుగొండ మండలంలో, ప్లాంటేషన్ మొక్కల విషయమై తలెత్తిన వివాదంలో ఒక అటవీ రేంజి అధికారిని గుత్తికోయలు పదునైన ఆయుధాలతో దాడిచేసి చంపారు. ఇద్దరికి 2023లో న్యాయస్థానం యావజ్జీవ శిక్ష విధించింది. చనిపోయిన అధికారి తన విధి తాను నిర్వర్తిస్తున్న మనిషి. ఆయన ఇంట్లోనూ పిల్లలున్నారు. ఆ హత్యను సమర్థించే మాట నా నోట రాదు, రాకూడదు. అయితే ఆ గుత్తికోయలు ఎవరు? అనేకులు 2005 తరువాత సల్వాజుడుం కాలంలో ఛత్తీస్‌గఢ్ నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని సరిహద్దు దాటినవాళ్ళు. ఇక్కడ వాళ్ళ భూమికి పట్టా లేదు, మాటకు చెవి లేదు. వినే ఏర్పాటు లేని చోట మౌనం చాలాకాలం నిలవదు. తెరమీద అరుపును మెచ్చుకున్న నాబోటివాళ్ళం, ఆ అరుపు దాకా రాకుండా ఏం చేయాలో ఆలోచించలేదు. మనం కన్నీళ్ళు పెట్టుకుని ఇంటికి వెళ్ళాము.

పంజాబీ నటుడు ఆదివాసీగా నటించడమే తప్పు కదా అని ఒక మిత్రుడు వాదించాడు. నేను అంత దూరం వెళ్ళను. నటుడు తాను కానివాడిగా కనిపించడమే నటన. మన తెలుగు సినిమా దశాబ్దాలపాటు చేసినదానితో పోల్చి చూడండి. తలకు ఈకలు, మెడలో పూసలు, వంకర తెలుగులో జోస్యం చెప్పే కోయదొర. అదే మనం చూపిన ఆదివాసీ. ఓంపురి ఆ వేషం వేయలేదు, ఒక మనిషిని చూపించారు. ఆయన చేయగలిగినది ఆయన చేశారు. ఆయన దగ్గర ఆగిపోవడం మాత్రం మన తప్పు.

ఆయనను దేవుణ్ణి చేయడమూ నా ఉద్దేశం కాదు. 2011 ఆగస్టులో ఢిల్లీ రామ్‌లీలా మైదానంలో అన్నా హజారే దీక్షా వేదిక మీద, పార్లమెంటు సభ్యుల్లో చాలామందిని చదువురాని మొరటువాళ్ళన్న అర్థం వచ్చే మాటతో దూషించి, తరువాత క్షమాపణ చెప్పుకున్నారు. నత్తూగా, దుఖీగా, లహాన్యాగా జీవించిన మనిషి నోట చదువులేకపోవడం తిట్టుగా రావడం నన్ను చాలా నొప్పించింది. ఆ పాత్రలను అంతగా లోపలికి తీసుకున్నవాడు కూడా వేదిక ఎక్కగానే అవతలి మనిషి అయిపోగలడు. మనమెంత?

భద్రాచలం చుట్టుపక్కల గూడేల సంగతి చూడండి. 1959 దాకా తూర్పుగోదావరి జిల్లా. తరువాత ఖమ్మం. 2014లో పోలవరం ముంపు పేరిట పట్టణం మినహా చుట్టూ ఉన్న పల్లెలు మళ్ళీ ఆంధ్రప్రదేశ్‌కు. 2022లో ఎటపాక, చింతూరు, కూనవరం ప్రాంతాలు అల్లూరి సీతారామరాజు జిల్లాకు. గుడిసె కదలలేదు, చిరునామా మాత్రం ఇన్నిసార్లు మారింది. ప్రతి మార్పుతోనూ కొత్త కార్యాలయం, కొత్త బల్ల, కొత్త గుమాస్తా. ఆ బల్లకు ఇవతల నిలబడేవాడి భాష మాత్రం కోయ. అది రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో లేదు. సంతాలీకి, బోడోకు ఆ స్థానం దక్కింది. కోయకు, గోండీకి దక్కలేదు. నిందితునికి అర్థం కాని భాషలో సాక్ష్యం నడిస్తే దానిని అతనికి తెలిసిన భాషలో వివరించాలని చట్టం చెబుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో కోయతో సహా కొన్ని గిరిజన భాషలలో ప్రాథమిక వాచకాలు తయారుచేసే ప్రయత్నమూ జరిగింది. దారి తెలియక కాదు, నడవక.

నేను కోరేది పెద్ద విప్లవమేమీ కాదు. ఏజెన్సీ మండలాల్లోని ప్రతి కార్యాలయంలో, ప్రతి న్యాయస్థానంలో కోయ తెలిసిన మనిషి ఒకరు జీతం మీద ఉండాలి. పన్నెండేళ్ళ మనవరాలిమీద ఆ భారం మోపకూడదు. అక్కడ పనిచేసే మనబోటి ఉద్యోగులు ఆ భాష కొంతైనా నేర్చుకోవాలి. నేను నేర్చుకోలేదు, ఆ సిగ్గు నాది. కోయ యువకులు తమ కథను తమ భాషలో తామే చిత్రించే రోజు రావాలి. ఆ సినిమాలో ముసలి తాత తెరమీద అయిదు నిమిషాలు ఆగకుండా మాట్లాడాలి. మనం కింద అక్షరాలు చదువుకుంటూ చూడాలి, 1988లో హిందీ రాకపోయినా ‘తమస్’ చూసినట్టు.

ఓంపురి సినిమాలు చూడనివారు తప్పక చూడండి. ‘ఆక్రోశ్’ చూసేటప్పుడు ఆయన మాట్లాడని చోట్ల ఆయన గొంతును గమనించండి. మాట అక్కడిదాకా వచ్చి వెనక్కి పోతూ ఉంటుంది. దానిని చూసి జాలిపడకండి. బల్లకు అవతల ఉన్నది ఎవరా అని మాత్రం ఒక్కసారి ఆలోచించండి.